స్పీడోమీటర్‌కి టైరు సంగతి తెలీదు

దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మా నాన్నని అబద్ధాలకోరు అన్నాను. సరిగ్గా ఆ మాట వాడలేదు. "నాన్నా, మెషీన్ అబద్ధం చెప్పదు" అన్నాను. మెషీన్ చెప్పకపోతే మరి చెప్తున్నది ఎవరు? ఇంట్లో అందరికీ అర్థమైంది.

సంగతి చిన్నదే. హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్ళే హైవే మీద, 80 అని బోర్డున్న ఒక చోట, మా కారుకి ఓవర్ స్పీడ్ చలానా పడింది. ఫొటోలో మా కారు, మా నంబరు, పక్కన 84 అనే అంకె. నాన్న మాత్రం ఒకటే మాట. "నేను ఎనభై దాటలేదురా. ముల్లు ఎనభై మీదనే ఉంది. చూసుకుంటనే నడిపిన." చలానా డబ్బులు ఆయన బాధ కాదు. ఇన్నేళ్ళుగా బండి నడుపుతున్నాడు, ఒక్క చలానా లేదు. అది ఆయన గర్వం, పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు కూడా చెప్పుకునేంత. అమ్మ నవ్వింది. చెల్లి నవ్వింది. నేనైతే లెక్చర్ ఇచ్చాను. కెమెరాలని క్యాలిబ్రేట్ చేస్తారని, మనిషి జ్ఞాపకం నమ్మదగింది కాదని, డేటా ముందు ఒపీనియన్ నిలబడదని. సెకండ్ ఇయర్ సీఎస్‌ఈ వాడికి ఇంట్లో దొరికే గౌరవమంతా ఆ పది నిమిషాల్లో ఖర్చుపెట్టేశాను.

నాన్న ఏమీ అనలేదు. టీవీ పెట్టుకున్నాడు.

లిటరరీ క్లబ్ వాళ్ళు నన్ను కవిత అడిగారు. నాకు రాదు. అందుకని ఆ 80కీ ఆ 84కీ మధ్య ఉన్న నాలుగు కిలోమీటర్ల గురించి రాస్తున్నాను. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి కాబట్టి టైరు డయామీటర్‌ని తెలుగులో ఏమంటారో తెలీక ఎడిటర్ అక్కని అడిగాను. "వ్యాసం" అంది. "అవునక్కా, వ్యాసమే రాస్తున్నా, డయామీటర్‌ని ఏమంటారు?" అన్నాను. ఇలా రెండు మూడుసార్లు నడిచింది. కాబట్టి ఇది వ్యాసం మీద వ్యాసం.

సెలవులైపోయాక నాన్న నన్ను హాస్టల్లో దింపడానికి కారు తీశాడు. నకిరేకల్ ఇంకా కొంచెం దూరం ఉందనగా వెనక ఎడమ టైరు పోయింది. పక్కకి ఆపి, జాకీ పెట్టి, డిక్కీలో చాప లేపి స్టెప్నీ తీశాం. ఆ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కొన్న ఆర్నెల్లలో స్టెప్నీ బయటికి రావడం అదే మొదటిసారి. ఊడదీసిన చక్రం కారుకి ఆనించి, దాని పక్కన స్టెప్నీ నిలబెట్టాను. స్టెప్నీ పొట్టిగా ఉంది. ఏదో కొంచెం అనిపించడం కాదు, పైన రెండు వేళ్ళు పెట్టేంత తేడా.

గాలి తక్కువేమో అన్నాడు నాన్న. కాదు. స్టెప్నీ మీద 165/80 ఆర్ 14 అని ఉంది. ఊడదీసిన దాని మీద 205/65 ఆర్ 15 అని ఉంది. డ్రైవర్ డోరు తెరిస్తే లోపల ఫ్రేము మీద కంపెనీ స్టిక్కరు ఉంటుంది కదా, దాని మీద కూడా 165/80 ఆర్ 14 అనే ఉంది. అంటే బండికి పుట్టుకతో వచ్చింది ఆ పొట్టి స్టెప్నీ ఒక్కటే. మిగతా నాలుగూ తర్వాత వచ్చినవి.

నకిరేకల్ పంచర్ షాపులో అన్న చూడగానే పట్టేశాడు. "ఇది పద్నాలుగు తమ్మీ, అవి పదిహేను. ఇన్నోవాకి ఏస్తరు ఈ సైజు. అలాయ్ పెట్టి ఏపిచ్చిన్రు. లుక్ కోసం." తర్వాత నాన్న వైపు తిరిగి, "స్టీరింగ్ మొత్తం తిప్పితే గీక్కుంటదా సార్?" అన్నాడు. గీక్కుంటుంది. ఆర్నెల్లుగా గేటు దగ్గర రివర్స్ తీసేటప్పుడు వచ్చే ఆ చప్పుడు ఏమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ఇక్కడ కొంచెం లెక్క చేయక తప్పదు. పారిపోకండి, ఆరో తరగతి లెక్కే.

165/80 ఆర్ 14లో 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. 14 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. (ఒకే నంబర్లో మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ పెట్టినవాడు మన ల్యాబ్‌లో అయితే వైవాలోనే పోయేవాడు.) 14 అంగుళాలంటే 355.6 మిల్లీమీటర్లు. పైనొక గోడ, కిందొక గోడ కలిపితే 264. మొత్తం వ్యాసం 619.6 మిల్లీమీటర్లు. అదే పద్ధతిలో 205/65 ఆర్ 15కి చేస్తే 647.5 వస్తుంది. తేడా 28 మిల్లీమీటర్లు. నా రెండు వేళ్ళు.

శాతంలో చెప్పాలంటే నాలుగున్నర. చక్రం ఒక్కసారి తిరిగితే పాత టైరు మీద కారు 1.946 మీటర్లు ముందుకెళ్తుంది. కొత్త దాని మీద 2.034 మీటర్లు. బరువు పడ్డాక టైరు కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి అసలు దూరాలు ఇంకాస్త తక్కువే ఉంటాయి కానీ రెండిటి నిష్పత్తి దాదాపు అదే.

ఇప్పుడు స్పీడోమీటర్ సంగతి. వేగం కొలవడమంటే రోడ్డుని చూడాలి, స్పీడోమీటర్‌కి రోడ్డు కనపడదు. దానికి తెలిసేది ఏదో ఒకటి తిరుగుతోందని మాత్రమే. 1902లో ఓటో షుల్జే అనే జర్మన్ ఇంజనీరు పేటెంట్ తీసుకున్న పద్ధతి వందేళ్ళు నడిచింది. చక్రం దగ్గర్నుంచో గేర్‌బాక్స్ దగ్గర్నుంచో ఒక కేబుల్ తిరుగుతూ మీటర్లోకి వస్తుంది. దాని చివర అయస్కాంతం. అయస్కాంతం చుట్టూ దాన్ని తాకకుండా అల్యూమినియం గిన్నె. అయస్కాంతం తిరిగితే గిన్నెలో ఎడ్డీ కరెంట్లు పుట్టి గిన్నె కూడా తిరగబోతుంది, సన్న స్ప్రింగ్ ఆపుతుంది, ఎంత తిరగగలిగితే ముల్లు అంత. తాతయ్య వాళ్ళ పాత స్కూటర్లలో అదే. ఇప్పటి బళ్ళలో కేబుల్ పోయి సెన్సార్ వచ్చింది. గేర్‌బాక్స్ షాఫ్టు మీదో, చక్రం దగ్గర ఏబీఎస్ రింగు మీదో పళ్ళు లెక్కపెడుతుంది. ముల్లు పోయి అంకెలొచ్చాయి. మారనిది ఒక్కటే. తిరిగిన చుట్లని ఒక సంఖ్యతో గుణించి మనకి చూపిస్తారు. ఆ సంఖ్యలో టైరు చుట్టుకొలత ఉంది. ఫ్యాక్టరీలో ఎవరో, ఆ డోరు స్టిక్కరు మీదున్న టైరుకి లెక్కగట్టి రాసింది.

మన భాషలో హార్డ్‌కోడ్ చేసిన కాన్‌స్టెంట్. దాన్ని ఏదో తప్పుగా రాశారని కాదు. రాసినప్పుడు కరెక్టే. కింద ప్రపంచం మారింది, పైన కోడ్‌కి ఎవరూ చెప్పలేదు.

నాన్నకి ఇదంతా పంచర్ షాపు బెంచీ మీద కూర్చుని చెప్పాను. ఆయన అడిగిన ప్రశ్న నాకు తట్టలేదు. "మరి పక్కన ఆర్‌పీఎం మీటర్ ఉందిగా. ఎనభైలో పోతుంటే ఎప్పుడూ ఎంత తిరగాల్నో గంతే తిరుగుతుంది. అది తేడా చూపియ్యాలె కదా?"

మంచి ప్రశ్న. నేను కొంచెం ఆలోచించాల్సొచ్చింది. నా ఉద్దేశంలో ఈ మొత్తం గొడవలో అసలు తమాషా ఇక్కడే ఉంది.

ముందు ఇంజన్ సంగతి చూద్దాం. 60లో వెళ్తున్నామంటే నిమిషానికి సరిగ్గా ఒక కిలోమీటరు, వెయ్యి మీటర్లు. పాత టైరు మీద చక్రం నిమిషానికి 514 చుట్లు తిరగాలి. పెద్ద టైరు మీద 492 చాలు. చక్రానికీ ఇంజన్‌కీ మధ్య గేర్లుంటాయి. టాప్ గేర్లో అన్నీ కలిపి మూడున్నర రెట్లు అనుకుందాం, మన లెక్క కోసం. అప్పుడు ఇంజన్ పాత టైరుతో 1800 తిరుగుతుంది, కొత్త టైరుతో 1720. అంటే నిజమైన 60లో ఇంజన్ మీద భారం మారింది. గేర్‌బాక్స్ ముట్టుకోకుండానే, మూడున్నర ఉన్న గేరుని 3.35 చేసినట్టు అయింది. చక్రం రోడ్డుని తోసే బలం కూడా ఆ మేరకి తగ్గుతుంది. "ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేర్ల లాగుతలేదు, మూడుకి దింపాల్సొస్తుంది" అని నాన్న అప్పుడప్పుడూ అనేవాడు. బండి పాతదయ్యింది కదా అని మేమందరం ఊరుకున్నాం.

కానీ నాన్న అడిగింది మీటర్ గురించి. ఆర్‌పీఎం మీటర్ ఇంజన్ చుట్లు చూపిస్తుంది. స్పీడోమీటర్ చక్రం చుట్లు చూపిస్తుంది, వేగం అని పేరు పెట్టి. ఏ గేర్లో ఉన్నా క్లచ్ పట్టి ఉన్నంతసేపు ఇంజన్ చుట్లకీ చక్రం చుట్లకీ లెక్క పళ్ళతో బిగిసి ఉంటుంది. టైరు సైజుకి అక్కడ చోటే లేదు. ముల్లు 80 మీద ఉంటే ఆర్‌పీఎం ముల్లు పాత టైరు రోజుల్లో ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంటుంది. టైరు ఎంత మార్చినా సరే. డ్యాష్‌బోర్డు మీద రెండు ముళ్ళూ ఒకదానికొకటి చక్కగా సరిపోతాయి, రెండూ కలిసి రోడ్డు విషయంలో పొరపడతాయి. ఇద్దరు సాక్షులు ఒకే ఇంట్లోవాళ్ళయితే వాళ్ళ మాటలు కలవడంలో వింతేముంది? టైరు అనేది ఆ ఇద్దరికీ కింద, రోడ్డుకి ముందు, చిట్టచివరి గేరు. దాని తర్వాత ఎవరూ లెక్కపెట్టట్లేదు.

అందుకే బయటి సాక్షి కావాలి. కెమెరా అలాంటిదే. అది మా టైరు సైజు అడగదు, కారు రోడ్డు మీద ఎంత వేగంగా వస్తోందో చూస్తుంది, అంతే. ఫోన్‌లో జీపీఎస్ కూడా అలాంటిదే. పంచర్ వేయించుకుని బయల్దేరాక నేను ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చున్నాను. తిన్నగా, ఎత్తుపల్లాలు లేని చోట నాన్న ముల్లుని 80 దగ్గర కదలకుండా పెట్టాడు. (ఆ పని నాన్న ఎంత బాగా చేస్తాడో అప్పుడే చూశాను. అర నిమిషం పాటు వెంట్రుక మందం కూడా కదల్లేదు.) ఫోన్ 82 చూపించింది. ఇంకోసారి చేశాం. 82.

లెక్క ప్రకారం 83.6 రావాలి కదా అంటారేమో. ఫ్యాక్టరీ వాళ్ళు మీటర్‌ని కొంచెం ఎక్కువ చూపించేలా పెడతారు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది స్పీడోమీటర్ల గురించే. దాని ప్రకారం మీటర్ అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపించకూడదు. ఎక్కువ చూపించొచ్చు, అసలు వేగంలో పదో వంతు, దానికి ఇంకో 4 కిలోమీటర్లు కలిపినంత వరకు. నిజంగా 80లో వెళ్తుంటే మీటర్ 92 అన్నా తప్పు కాదు, 79 అంటే తప్పు. తప్పంటూ చేస్తే జాగ్రత్త వైపు చేయాలని ఆ రూల్ ఉద్దేశం. మా కారు 82లో వెళ్తున్నప్పుడు పాత టైర్ల లెక్కన మీటర్‌కి అందేది 78.5. అది 80 చూపించింది. అంటే ఫ్యాక్టరీలో ఒకటిన్నర కిలోమీటర్ల జాగ్రత్త పెట్టి పంపారు. ఎవరో అలాయ్ వీల్స్ వేసి ఆ జాగ్రత్తని తినేసి, ఇంకో రెండు కిలోమీటర్లు అప్పు కూడా చేశారు. ఎక్కువ చూపించాల్సిన మీటర్ తక్కువ చూపించడం మొదలుపెట్టింది.

కెమెరా 84 అంది కదా, మిగతా రెండు? అవి నాన్నవి అయ్యుండొచ్చు. ముల్లు 82 మీద ఉందేమో. ఆ రెండు ఆయనకే వదిలేశాను, అడగలేదు.

"మీటర్ ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది, పెద్ద టైరు వేస్తే సరిగ్గా సరిపోతుంది" అనే వాదన మన క్యాంపస్ పార్కింగ్‌లో చాలాసార్లు విన్నాను. అందులో సగం నిజం ఉంది కాబట్టే అది ప్రమాదం. మీ బండి ఎంత ఎక్కువ చూపిస్తోందో మీకు తెలిస్తే, మీ కొత్త టైరు ఎంత పెద్దదో లెక్కేస్తే, ఆ మాట అనొచ్చు. రెండూ తెలియకుండా అనేది ఊహ. పైగా టైరు తనంతట తానే మారుతూ ఉంటుంది. కొత్త కారు టైరు మీద సుమారు 8 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది, 1.6కి అరిగితే మార్చేయాలి. అంటే అదే టైరు కొత్తప్పటికీ అరిగినప్పటికీ వ్యాసంలో 13 మిల్లీమీటర్ల తేడా. దాదాపు రెండు శాతం. అరిగిన టైరుతో మీటర్ సరిపోయిందని మురిసిపోయి కొత్తవి వేయించుకున్న రోజు మళ్ళీ లెక్క తప్పుతుంది.

కార్ల సంగతి అలా ఉంచి మన హాస్టల్ సంగతికొస్తా. ఇక్కడ టైర్ల కన్నా స్ప్రాకెట్ల పిచ్చి ఎక్కువ. మా బ్లాకులో ఒకతను, పేరు వద్దు, తన బైక్ వెనక స్ప్రాకెట్ మార్చాడు. 42 పళ్ళది తీసి 45 పళ్ళది వేయించాడు. పికప్ కోసం. పికప్ వచ్చింది కూడా, నేను వెనక కూర్చున్నాను, ప్రాణం గాల్లోకి పోయింది. తర్వాత ఒక రీల్ పెట్టాడు. మీటర్ మీద 130. ఇంతకుముందు ఆ బండి 120 దాటేది కాదు.

ఆ బైక్‌లో స్పీడ్ సెన్సార్ గేర్‌బాక్స్ అవుట్‌పుట్ దగ్గర, చిన్న స్ప్రాకెట్ పక్కన ఉంది. గొలుసుకి ముందు. వెనక ఎన్ని పళ్ళున్నాయో దానికి తెలీదు. ఇప్పటికీ 42 అనుకునే గుణిస్తోంది. మీటర్ 130 అంటే నిజంగా 130ని 42తో గుణించి 45తో భాగించినంత. 121. ఇంజన్ ఎక్కువ తిరిగింది, బండి దాదాపు పాత వేగమే వెళ్ళింది, మీటర్ మాత్రం మురిపించింది. ఇది చెప్తే అతను నవ్వి, "అయితే రీల్‌కి వచ్చిన లైకులు కూడా ఏడు శాతం తగ్గించుకోవాలా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

అతని కేసు నవ్వుకునేది, ఎందుకంటే మీటర్ ఎక్కువ చూపిస్తోంది. భయం రివర్స్ కేసు గురించి. హైవే మీద ఇంజన్ అరుపు తగ్గాలని కొందరు వెనక పళ్ళు తగ్గిస్తారు. 42 తీసి 39 వేస్తే, అదే చోట సెన్సార్ ఉన్న బండి 60 చూపిస్తున్నప్పుడు అసలు వేగం 64.6. నాలుగే కదా అనకండి. బ్రేకు వేసినప్పుడు చంపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. దాదాపు ఎనిమిది శాతం వేగం ఎక్కువైతే శక్తి పదహారు శాతం ఎక్కువ. ముందు బస్సు ఆగినప్పుడు మన కాలు, చెయ్యి అలవాటుపడింది మీటర్ చూపించే 60కి.

సెన్సార్ ముందు చక్రం దగ్గరున్న బైకుల్లో కథ వేరు. అక్కడ వెనక స్ప్రాకెట్ మార్చినా, వెనక టైరు లావుది వేసినా స్పీడోమీటర్‌కి ఏమీ కాదు. ముందు టైరు మారిస్తేనే తేడా. ఆ బళ్ళలో మార్పు పట్టుకోవడం సులువు కూడా, ఎందుకంటే ఇద్దరు సాక్షులు వేర్వేరు ఇళ్ళలో ఉన్నారు. 60లో ఇంజన్ ఇంతకుముందుకన్నా ఎక్కువో తక్కువో తిరగడం మీకే తెలుస్తుంది. అందుకని ఏదైనా మార్చే ముందు మెకానిక్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంతవుతుంది?" కాదు, "సెన్సార్ ఎక్కడుంది?" అని నా అభిప్రాయం. మన దగ్గర ఎవరూ అడగరు. నేనూ అడిగేవాణ్ణి కాదు.

మార్చొద్దు అనట్లేదు. ఒకే మోడల్ కారుని కంపెనీ వాళ్ళే రెండు సైజుల చక్రాలతో అమ్ముతారు. 165/80 ఆర్ 14 బదులు 185/65 ఆర్ 15 వేస్తే వ్యాసం 621.5 వస్తుంది. రెండు మిల్లీమీటర్ల తేడా. రిమ్ము పెద్దదైంది, గోడ చిన్నదైంది, మొత్తం దాదాపు అదే. మా కారు పాత ఓనర్‌కి లుక్కే కావాలంటే ఆ సైజు వేసుంటే లుక్కూ వచ్చేది, లెక్కా తప్పేది కాదు. ఎంత మార్చినా సరిదిద్దే దారులూ ఉన్నాయి. కొన్ని కార్లలో సర్వీస్ వాళ్ళు టైరు చుట్టుకొలత మార్చి పెట్టగలరు. బైకులకి సెన్సార్‌కీ మీటర్‌కీ మధ్య పెట్టే చిన్న కరెక్షన్ బాక్సులు దొరుకుతాయి. ఏదీ లేకపోతే జీపీఎస్‌తో చూసి, "80 అంటే 82" అని ఒక కాగితం డ్యాష్‌బోర్డు మీద అంటించినా చాలు.

నేను గొడవపడేది చెప్పకుండా మార్చడం గురించి. టైరు షాపులో పెద్ద సైజు బిల్లు రాసేటప్పుడు "మీటర్ ఇక నాలుగున్నర శాతం తక్కువ చూపిస్తుంది" అని ఒక్క లైన్ రాస్తే ఏం పోతుంది? లెక్క చేయడానికి ప్రోగ్రామ్ కావాలంటే పన్నెండు లైన్లు, నేను రాశాను, ఎవరికైనా కావాలంటే ఇస్తా. బండి అమ్మేటప్పుడు ఆర్‌సీ ఇస్తాం, ఇన్సూరెన్స్ ఇస్తాం, రెండో తాళం వెతికి మరీ ఇస్తాం. మీటర్ తప్పు చెప్తుందన్న సంగతి ఇవ్వం. కొన్నవాడు ఆ మీటర్ని నమ్మి నడుపుతాడు. తర్వాత వాడింట్లో నాలాంటి కొడుకు ఒకడుంటాడు.

నాన్న నన్ను దింపేసి వెళ్ళిపోయాడు. దారిలో నేను సారీ చెప్పాలనుకున్నాను. "కెమెరా కూడా కరెక్టే, నువ్వూ కరెక్టే" అని ఏదో అన్నాను. అది సారీయో కాదో నాకే తెలీదు. "చలానా అయితే కట్టాలె కదా" అన్నాడు. కట్టాడు కూడా.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. తిరుగు ప్రయాణంలో ట్రిప్ మీటర్ సున్నా చేసి, రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడట. నేను ఆయనకి ఇది చెప్పలేదు, ఆయనకే తట్టింది. "ఇరవై రాళ్ళు దాటితే మీటర్ల పందొమ్మిది పాయింట్ ఒకటి తిరిగిందిరా" అన్నాడు. ఇరవైని 1.045తో భాగించి చూశాను. 19.1.

తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. కారు డాష్‌బోర్డులో ఆయన పెట్టుకునే చిన్న నోట్‌బుక్కు పేజీ. పెట్రోలు ఎప్పుడు ఎంత కొట్టించాడు, మీటర్ ఎంత ఉంది, అన్నీ ఉంటాయి అందులో. ఆర్నెల్ల లెక్క కింద గీత గీసి లీటరుకి 17.2 అని రాసుంది. దాని పక్కన ఎర్ర పెన్నుతో పాత రాత ఒకటి, "18 అన్నాడు." కారు అమ్మినాయన చెప్పిన మైలేజీ అది. నాలుగూ కొత్త టైర్లు వేయించా, 18 ఇస్తుంది అని చెప్పి అమ్మాడు. 18 ఆయనకి పాత టైర్ల మీద వచ్చి ఉంటుంది. ఆర్నెల్లుగా పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ మా నాన్న ఆ మనిషిని మోసగాడు అని తిడుతూనే ఉన్నాడు.

పెద్ద టైరు వేస్తే మీటర్ దూరం కూడా తక్కువే లెక్కపెడుతుంది. 17.2ని 1.045తో గుణించాను. 17.97.

నేను ఆ అంకె టైప్ చేసి పంపాను. కాసేపు రెండు నీలం టిక్కులు అలాగే ఉన్నాయి. తర్వాత ఫోన్ మోగింది.

"ఆ సార్ నంబర్ నా ఫోన్ల ఇంకా ఉందారా?" అన్నాడు నాన్న. "ఊరికే తిట్టిన పాపం."